మోయాబ్‌లో ఆర్‌వీ మజిలీ: తరచుగా అడిగే ప్రశ్నలు

డెన్వర్ నుంచి యూటా ఎర్రరాళ్ల సీమకు మేము మూడుసార్లు ఆర్‌వీలో, అంటే మంచాలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండిలో, వెళ్లొచ్చాం. రెండోసారి జమ్మలమడుగు నుంచి వచ్చిన అమ్మానాయనలు కూడా మాతో ఉన్నారు. అప్పటినుంచి స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. చదువుతుంటే మీకే తెలుస్తుంది, సగం జవాబులు తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తాయి. ఆ సీమ అలాంటిది.

మోయాబ్ ఎక్కడుంది? మజిలీకి ఆ ఊరే ఎందుకు?

యూటా రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, కొలరాడో నది ఒడ్డున, సుమారు 4,000 అడుగుల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. జనాభా అయిదు వేల పైచిలుకు. మన తెలుగు బైబిల్లో కనిపించే మోయాబు దేశం పేరే ఈ ఊరికీ పెట్టారు. ఐ-70 హైవే మీద క్రెసెంట్ జంక్షన్ దగ్గర దిగి, 191వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా ఓ ముప్పై మైళ్లు వస్తే ఊరు తగులుతుంది. ఆర్చెస్ నేషనల్ పార్కు గేటు ఊరికి అయిదు మైళ్లే. కాన్యన్‌లాండ్స్ పార్కులో ఐలాండ్ ఇన్ ద స్కై అనే భాగం, డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కు ఒక్కోటీ ముప్పై మైళ్ల చిల్లర. ఇన్ని చూడదగ్గ చోట్లు, పెట్రోలు బంకులు, కూరగాయలు దొరికే పెద్ద కొట్టు, నీళ్లు పట్టుకునే చోటు, ట్యాంకు ఖాళీ చేసే చోటు, అన్నీ ఒకే ఊరి చుట్టూ ఉండటం ఆ ఎడారిలో చాలా అరుదు.

ఒక్క రాత్రి ఆగితే చాలదా?

చాలదు. మేము మొదటిసారి చేసిన తప్పు అదే. సాయంత్రం ఆరింటికి చేరాం, బండి సమంగా నిలబెట్టేసరికి చీకటి పడింది, పొద్దున్నే లేచి రెండు ఆర్చీలు, అంటే రాతి తోరణాలు, చూసి లాస్ వేగస్ దారి పట్టాం. ఎర్రరాయి అందం మధ్యాహ్నం ఎండలో కనిపించదు. పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దు గూకేముందు ఒక గంట, అప్పుడే ఆ రాయి నిప్పు రాజుకున్నట్టు ఉంటుంది. ఒక్క రాత్రి ఆగితే ఆ రెండు గంటలూ బండి కట్టడానికీ విప్పడానికీ పోతాయి. కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి. మూడైతే మరీ మంచిది.

ఏ నెలల్లో వెళ్లాలి?

ఏప్రిల్, మే, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా. జులైలో పగలు 38 డిగ్రీలు దాటడం మామూలే. మన కడప ఎండలకు అలవాటు పడ్డవాళ్లకు అదేం లెక్క అనిపించొచ్చు గానీ, ఇక్కడి గాలిలో తడి ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు గడ్డకట్టే చలి. గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయని కొన్ని అద్దె సంస్థలు ఆ నెలల్లో నీటి వ్యవస్థ వాడొద్దంటాయి. బుక్ చేసేముందే కనుక్కోండి. వసంతంలో ఒక్క ఇబ్బంది ఈదురుగాలి. ఆర్‌వీ పక్కన చాపే పరదాను రాత్రిపూట, మనం లేనప్పుడు తప్పకుండా చుట్టేయాలి.

ఎంత పొడవు బండి తీసుకోవాలి? ప్రత్యేక లైసెన్సు కావాలా?

మామూలు అద్దె ఆర్‌వీకి మామూలు డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది. పొడవు విషయంలో నా మాట వినండి, 25 అడుగులు దాటకండి. ఆరుగురికి అదే చాలు. 30 అడుగుల బండిలో ఇంకో మంచం వస్తుంది గానీ, చూడాల్సిన ప్రతిచోటా ఎక్కడ ఆపాలా అనే బెంగ కూడా దాంతోపాటే వస్తుంది. ఐలాండ్ ఇన్ ద స్కైలోని విల్లో ఫ్లాట్ క్యాంపుగ్రౌండులో గరిష్ఠ పరిమితే 28 అడుగులు.

పిల్లల సీట్ల సంగతి బుకింగ్ రోజే చూసుకోవాలి. కారు సీటును ముందుకు తిరిగి ఉన్న సీటుకే కట్టాలి, పక్కకు తిరిగి ఉన్న సోఫాకు కట్టకూడదు. బండి కదులుతున్నప్పుడు ఎవరూ లేచి తిరగకూడదు. ఫ్రిజ్‌లోంచి పెరుగన్నం డబ్బా తీసివ్వడానికి కూడా. అమ్మలకు ఇది చెప్పడం కష్టం, అయినా చెప్పాల్సిందే.

డెన్వర్ నుంచి, సాల్ట్ లేక్ సిటీ నుంచి ఎంత దూరం?

డెన్వర్ నుంచి సుమారు 355 మైళ్లు. కారులో ఆరు గంటల లోపు. ఆర్‌వీలో ఎనిమిది గంటలు వేసుకోండి, దారిలో ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా చిన్న గేరులో దించాలి. సాల్ట్ లేక్ సిటీ నుంచి 235 మైళ్లు, ఇది తేలిక దారి.

పెట్రోలు గురించి ఒక్క హెచ్చరిక. మోయాబ్ దాటి పడమటికి వెళ్లేవాళ్లు గ్రీన్ రివర్ ఊళ్లో ట్యాంకు నింపకుండా కదలొద్దు. అక్కడి నుంచి సలైనా దాకా ఐ-70 మీద సుమారు 110 మైళ్లు ఒక్క బంకు లేదు, కొట్టు లేదు. అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్లన్నిటిలో ఇంత పొడవున ఏ వసతీ లేని దారి ఇదే. గ్యాలనుకు ఎనిమిది, పది మైళ్లు ఇచ్చే బండితో ఆ దారి ఎక్కేటప్పుడు ముల్లు సగంలో ఉంటే గుండె నిలకడగా ఉండదు.

బండి ఎక్కడ నిలబెట్టుకోవాలి?

నాలుగు రకాల చోట్లున్నాయి. ఏది మంచిదో మీతో ఎవరు వస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఊళ్లోనో ఊరి అంచునో ఉన్న ప్రైవేటు ఆర్‌వీ పార్కు. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ బండి పక్కనే ఉంటాయి. దాన్నే ఫుల్ హుకప్ అంటారు. స్నానాలగది, బట్టలు ఉతికే యంత్రాలు కూడా ఉంటాయి. పక్క బండి చేయి చాపితే అందేంత దగ్గర, ఖరీదూ ఎక్కువే. అయినా మొదటిసారి ఆర్‌వీ ఎక్కేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఆర్చెస్ పార్కు లోపల డెవిల్స్ గార్డెన్ క్యాంపుగ్రౌండు ఉంది. గేటు నుంచి 18 మైళ్లు లోపలికి, మొత్తం 51 చోట్లు. తలుపు తీస్తే ఎదురుగా ఎర్రటి రాతిగోడలు. కరెంటు లేదు, మురికి ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ లేదు, స్నానాలు లేవు. తాగునీటి కుళాయిలు మాత్రం ఉన్నాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా ఆరు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్ సైటులో పట్టుకోవాలి. తత్కాల్ టికెట్టుకు కూర్చున్నట్టు, తెరుచుకునే నిమిషానికి వేలు బటన్ మీద ఉండాలి.

డెడ్ హార్స్ పాయింట్ మాకు అన్నిటికన్నా నచ్చింది. కొలరాడో నది వంపు తిరిగే చోట, నదికి 2,000 అడుగుల పైన, కొండ అంచున క్యాంపు. కరెంటు హుకప్ ఉంది. నీళ్లు మాత్రం ట్యాంకర్లతో పైకి తోలుకోవాల్సిందే కాబట్టి మీ ఆర్‌వీ ట్యాంకు అక్కడ నింపుకోనివ్వరు. కిందే నింపుకుని కొండెక్కాలి. ఇది స్టేట్ పార్కు, నేషనల్ పార్కుల వార్షిక పాసు ఇక్కడ చెల్లదు. బుకింగ్ నాలుగు నెలల ముందు తెరుస్తారు.

నాలుగోది 128వ నంబరు రోడ్డు పక్కన, కొలరాడో నది ఒడ్డునే వరుసగా ఉన్న బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూములు చూసే శాఖ) క్యాంపుగ్రౌండ్లు. ముందొచ్చినవాళ్లదే చోటు. నీళ్లు లేవు, కరెంటు లేదు, గుంత మరుగుదొడ్డి మాత్రం ఉంటుంది. వారం మధ్యలో పొద్దున పదింటికల్లా వెళితే దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రం వెళ్లి చోటు దొరకలేదని బాధపడొద్దు, ఎవరికీ దొరకదు.

నీళ్లు ఎన్ని కావాలి? ఎక్కడ పట్టుకోవాలి?

అద్దె ఆర్‌వీల్లో మంచినీటి ట్యాంకు బండిని బట్టి 25 నుంచి 40 గ్యాలన్ల దాకా ఉంటుంది. 40 గ్యాలన్లంటే 150 లీటర్లు. మన ఇళ్లల్లో ఒకరి స్నానం, ఒక పూట అంట్లు అయ్యేసరికి వాటిలో చాలా భాగం పోతాయి. ఆర్‌వీ షవర్ వదిలేస్తే నిమిషానికి రెండు గ్యాలన్ల దాకా లాగేస్తుంది.

అమ్మానాయనలతో వెళ్లినప్పుడు నది ఒడ్డున ఆగాం. బండిలో తలుపు పక్కన చిన్న పలక ఉంటుంది. బటన్ నొక్కితే నాలుగు దీపాలు వెలిగి ట్యాంకులో ఎంతుందో చెబుతాయి. మొదటి రాత్రి నాలుగు వెలిగాయి. మర్నాడు మధ్యాహ్నానికి రెండే. ఆ పలక నా కంటే ముందు మా నాయన చూశాడు. పెన్నలో నీళ్లు రాని ఏళ్లు ఎన్నో చూసిన మనిషి. “ఒరే అబ్బీ, నీళ్లు సగానికొచ్చినాయి, ఇంకా రెండు రాత్రులుండాయి కదరా” అన్నాడు. ఆ తర్వాత కొళాయి ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. బియ్యం కడిగిన నీళ్లు చిన్న బేసినులో పట్టి, ఆ నీళ్లతోనే గిన్నెలు ముందోసారి తొలిచి, ఆఖరుగా లోటాడు మంచినీళ్లతో కడిగించాడు. స్నానం ఒక్కొక్కరికి చిన్న బకెట్టు, చెంబు. మూడోరోజు పొద్దున బయల్దేరేటప్పుడు కూడా ఒక దీపం వెలుగుతూనే ఉంది. అమెరికాలో పదిహేనేళ్లుగా ఉన్న నాకు నీళ్లు కొలుచుకుని వాడటం మళ్లీ ఆయనే నేర్పాడు.

లెక్క చెప్పాలంటే, తాగడానికే మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున విడిగా డబ్బాల్లో పెట్టుకోండి. పార్కు వాళ్లు చెప్పేదీ అదే. ట్యాంకు నీళ్లు వాడుకకు ఉంచండి. ఊరికి ఉత్తరాన, 191, 128 రోడ్లు కలిసే చోట లయన్స్ పార్కులో డబ్బాలు, సీసాలు నింపుకోవచ్చు. ఆర్‌వీ ట్యాంకుకైతే ఆర్‌వీ పార్కులోనో, బంకులోనో అడిగి, కొద్దిగా రుసుము కట్టి నింపుకోవాలి. తెల్లటి గొట్టం మంచినీళ్లకు, వేరే రంగుది కడుగుడుకు. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు.

డంపింగ్ అంటే భయంగా ఉంది. ఎలా చేయాలి?

భయం అక్కర్లేదు, క్రమం తప్పకపోతే చాలు. ఆర్‌వీ కింద రెండు మురికి ట్యాంకులుంటాయి. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు, వంటగది, స్నానం నీళ్లది గ్రే ట్యాంకు. చేతికి తొడుగులు వేసుకుని, లావు గొట్టాన్ని బండికి బిగించి, రెండో కొస నేల రంధ్రంలో గట్టిగా కూర్చోబెట్టాక ముందు బ్లాక్ వాల్వు లాగాలి. అది పూర్తిగా ఖాళీ అయ్యాక దాన్ని మూసి, అప్పుడు గ్రే లాగాలి. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. వరుస తారుమారు చేస్తే ఆ కడుగుడు ఉండదు.

ఫుల్ హుకప్‌లో ఉన్నామని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేయొద్దు. నీళ్లు జారిపోయి మిగతాది ట్యాంకు అడుగున గట్టిపడుతుంది. మూడొంతుల్లో రెండొంతులు నిండేదాకా మూసే ఉంచాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పేది ఒకటుంది. మరుగుదొడ్డిలో నీళ్లు వాడటం తప్పు కాదు, ఆ ట్యాంకుకు నీళ్లు మంచివే. మగ్గు ఒకటి ఇంటినుంచే తెచ్చుకోండి. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది, ఆ లెక్క వేసుకోవాలి. గ్రే ట్యాంకు కూడా మన వంటలతో తొందరగా నిండుతుంది. నూనె, పప్పు మడ్డి అందులో పోయకండి. కాగితంతో తుడిచి చెత్తలో వేసి ఆ తర్వాత కడగండి. గ్రే నీళ్లు ఇసుకలోకి వదిలేసినా ఏం కాదులే అనుకునేవాళ్లుంటారు. అక్కడ అది నేరం.

ఆర్‌వీలో మన వంట చేసుకోవచ్చా?

శుభ్రంగా చేసుకోవచ్చు. 4,000 అడుగుల ఎత్తులో నీళ్లు 96 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతకూ ఉడకదు. చిన్న కుక్కరు తప్పనిసరి. దినుసులన్నీ డెన్వర్‌లోనో సాల్ట్ లేక్ సిటీలోనో కొనుక్కోవాలి.

పోపు సంగతి వేరు. ఆర్‌వీ గదిలో పొగ అలారం పొయ్యికి ఆరడుగుల దూరంలో ఉంటుంది. మా అమ్మ మొదటి సాయంత్రం ఎండుమిర్చి వేసీ వేయగానే అది కూత మొదలుపెట్టింది. పక్క బండ్లవాళ్లు తలుపులు తీసి చూశారు, అమ్మ గరిటె పట్టుకుని అలాగే బిక్కచచ్చి నిలబడింది. మర్నాటి నుంచి పోపు బయటే, చిన్న క్యాంపింగ్ పొయ్యి మీద. పొద్దువాటున ఎర్రరాళ్ల మధ్య ఇంగువ పోపు వాసన వస్తుంటే పక్కన ఉన్న పెద్దావిడ వచ్చి ఏం వండుతున్నారని అడిగింది. అమ్మ ఒక గిన్నెడు టమాటా పప్పు పోసిచ్చింది. అలారం మోగుతోందని దాని బ్యాటరీ మాత్రం ఎప్పుడూ తీయొద్దు. ప్రొపేన్ గ్యాసు పొయ్యి, హీటరు ఉన్న ఇరుకు గదిలో పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం రెండూ ప్రాణాలు కాపాడే వస్తువులు. వండేటప్పుడు పైకప్పు ఫ్యాను, ఒక కిటికీ తెరిచి ఉంచండి.

కరెంటు లేకపోతే ఏసీ నడుస్తుందా?

జనరేటర్ వేస్తేనే. క్యాంపుగ్రౌండ్లలో దానికి ఉదయం, సాయంత్రం కొన్ని గంటలే అనుమతి. అద్దె సంస్థలు గంటల చొప్పున విడిగా వసూలు చేస్తాయి కూడా. 30 ఆంప్స్ హుకప్ ఉన్నా ఏసీ, మైక్రోవేవ్ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది.

ఆర్‌వీని ఆర్చెస్ పార్కులోకి తీసుకెళ్లొచ్చా? టికెట్టు ఎంత?

వెళ్లొచ్చు, ప్రధాన రోడ్డంతా మంచి తారురోడ్డు. గేటు దాటగానే మెలికలు తిరిగే ఎక్కుడు ఒకటుంది, నిదానంగా ఎక్కాలి. బాలెన్స్‌డ్ రాక్, విండోస్ దగ్గర పార్కింగు పొద్దున ఎనిమిదికల్లా నిండిపోతుంది. మేము మూడోసారి మోయాబ్‌లో ఒకరోజుకు కారు అద్దెకు తీసుకున్నాం. ఆర్‌వీ క్యాంపులోనే ఉండిపోయింది, అందరికీ హాయిగా అయ్యింది.

ప్రవేశం బండికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. కాన్యన్‌లాండ్స్‌కూ అంతే, విడిగా. 2022 నుంచి కొన్ని సీజన్లు ఆర్చెస్‌లో ముందే సమయం బుక్ చేసుకోవాల్సి వచ్చేది. మీరు వెళ్లే ఏడాది ఆ నియమం ఉందో లేదో పార్కు సైటులో చూసుకునే బయల్దేరండి.

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. 2026 జనవరి నుంచి జయాన్, బ్రైస్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో అమెరికా నివాసులు కాని పదహారేళ్లు నిండినవారికి మనిషికి అదనంగా 100 డాలర్లు పెట్టారు. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ ఆ జాబితాలో లేవు. అమ్మానాన్నలకు ఎర్రరాళ్లు చూపించాలంటే మోయాబ్‌కే తీసుకురమ్మనడానికి ఇదీ ఒక కారణం.

ఎక్కువ నడవలేని పెద్దవాళ్లకు ఏం చూపించాలి?

బోలెడు. డెడ్ హార్స్ పాయింట్‌లో బండి దిగి నాలుగడుగులు వేస్తే చాలు, నది వంపు మొత్తం కాళ్ల కింద కనిపిస్తుంది. ఐలాండ్ ఇన్ ద స్కైలో గ్రాండ్ వ్యూ పాయింట్, గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ కూడా అలాంటివే. మీసా ఆర్చ్ రానూపోనూ ముప్పాతిక మైలు లోపే, సూర్యోదయానికి దాని కింది అంచు నారింజ రంగులో వెలుగుతుంది. ఆర్చెస్‌లో బాలెన్స్‌డ్ రాక్ రోడ్డు మీదికే కనిపిస్తుంది, 128 అడుగుల ఎత్తు. పొటాష్ రోడ్డు మీద పాత తెగలవాళ్లు రాతిగోడపై చెక్కిన బొమ్మలు బండిలో కూర్చునే చూడొచ్చు. మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఇవన్నీ చూసింది.

డెలికేట్ ఆర్చ్ మాత్రం కష్టం. రానూపోనూ మూడు మైళ్లు, దాదాపు 480 అడుగుల ఎక్కుడు, నున్నటి బండ మీద, ఎక్కడా నీడ లేదు. దారిలో నీళ్లూ లేవు. మనిషికి కనీసం రెండు లీటర్లు పట్టుకుని, పొద్దు దిగే రెండు గంటల ముందు మొదలుపెట్టండి, తిరిగి రావడానికి టార్చి ఉంచుకోండి. ఎక్కలేనివాళ్ల కోసం కింద వంద గజాల నడకలోనే ఒక వ్యూపాయింట్ ఉంది. అక్కడినుంచి ఆర్చ్ దూరంగా, చిన్నగా కనిపిస్తుంది.

ఆ రాళ్లు ఎందుకంత ఎర్రగా ఉంటాయి? ఆర్చీలు ఎలా ఏర్పడ్డాయి?

ఎరుపు ఇనుముది. ఇసుకరేణువుల చుట్టూ పల్చగా పట్టిన ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు. ఆర్చీల కథ ఉప్పుతో మొదలవుతుంది. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట అక్కడొక సముద్రం పదేపదే ఎండిపోయి వేల అడుగుల మందాన ఉప్పు మేట వేసింది. దానిపైన ఇసుక, మట్టి పేరుకుని రాయిగా మారాయి. ఉప్పు బరువుకు ఆగదు, మెత్తటి పిండిలా పక్కకు జరుగుతుంది, పైకి ఉబుకుతుంది. అలా ఉబికిన చోట పైరాయి సమాంతరంగా పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి వాననీరు దిగి, రేణువులను అంటిపెట్టుకున్న సున్నాన్ని కరిగించి, చలికాలం గడ్డకట్టి ఉబ్బి, రాయిని సన్నటి గోడలుగా కోసింది. ఆ గోడలకు మధ్యలో చిల్లు పడితే అది ఆర్చ్. పార్కులో అలాంటివి 2,000కు పైగా ఉన్నాయి. ఏడాదికి పది అంగుళాల లోపు వాన పడే చోట ఇంత పని చేసింది నీళ్లేనంటే నమ్మడం కష్టం.

ఇవి శాశ్వతమూ కావు. 306 అడుగుల పొడవున్న లాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 1991లో 60 అడుగుల పెచ్చు ఊడిపడింది. అప్పటినుంచి దాని కిందికి ఎవరినీ పోనివ్వడం లేదు. 2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ ఒక రాత్రి మొత్తంగా కూలిపోయింది.

మన తిరుమల శిలాతోరణం గుర్తొస్తోందా? గుర్తు రావాల్సిందే. అది 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న సహజ తోరణం, జాతీయ భూవారసత్వ స్మారకం. కాకపోతే అది ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్, మా కడప పేరు మీదున్న శిలాసమూహానికి చెందింది, వయసులో మోయాబ్ రాళ్లకు తాతముత్తాత. మా నాయన డబుల్ ఆర్చ్ కింద నిలబడి పైకి చూసి దండం పెట్టాడు. డెడ్ హార్స్ పాయింట్ దగ్గర మాత్రం, “ఇది మన గండికోటేరా, పెన్నకు పెద్దక్క” అన్నాడు.

ఈ ఊళ్లో యురేనియం ఉందంటారు, నిజమేనా?

ఒకప్పుడు ఊరంతా దానిమీదే బతికింది. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఊరికి దక్షిణాన పెద్ద నిక్షేపం కనుక్కున్నాడు. ఆ తర్వాత కొలరాడో నది ఒడ్డునే శుద్ధి కర్మాగారం వెలిసింది. మిగిలిన వ్యర్థం, కోటీ అరవై లక్షల టన్నులు, నది పక్కనే గుట్టగా ఉండిపోయింది. దిగువన కోట్లమంది తాగేది ఆ నది నీళ్లే. అందుకే ప్రభుత్వం ఏళ్ల తరబడి దాన్ని తవ్వి క్రెసెంట్ జంక్షన్ దగ్గరికి తరలిస్తూ వచ్చింది. మా జిల్లాలో తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది కాబట్టి మా నాయన ఈ కథ చాలాసేపు అడిగి అడిగి చెప్పించుకున్నాడు.

“మట్టి మీద నడవొద్దు” అని బోర్డులెందుకు?

దారి పక్కన నల్లగా, పొక్కులు పొక్కులుగా కనిపించేది ఉత్త మట్టి కాదు. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు అల్లుకున్న సజీవమైన పెంకు. ఇసుకను గాలికి లేవకుండా పట్టుకునేది, పడ్డ చినుకును నిలిపేది అదే. ఒక్క అడుగు పడితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. రాతి మీదో, వాగు ఇసుకలోనో, వేసిన దారిలోనో నడవండి. పిల్లలకు ముందే చూపించి చెబితే వాళ్లే మనల్ని కాపలా కాస్తారు.

వాన పడితే ప్రమాదమా?

జులై నుంచి సెప్టెంబరు దాకా జాగ్రత్త. మీ నెత్తిన ఎండే ఉన్నా, ఇరవై మైళ్ల అవతల కురిసిన వాన ఎండువాగులో గోడలా వచ్చిపడుతుంది. బండరాయి నీళ్లు పీల్చదు, మొత్తం కిందికే వస్తుంది. వాగులో బండి ఆపొద్దు, రోడ్డు మీద పారే ఎర్రనీళ్లలోకి ఆర్‌వీని దించొద్దు. గంటా రెండు గంటల్లో అదే తగ్గిపోతుంది.

రాత్రిపూట ఏం చేస్తాం?

దీపాలన్నీ ఆర్పి బయట కూర్చోండి. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్, డెడ్ హార్స్ పాయింట్ మూడూ చీకటి ఆకాశాన్ని కాపాడుతున్న పార్కులుగా అంతర్జాతీయ గుర్తింపు పొందాయి. అమావాస్య దగ్గర్లో వెళితే పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకు కనిపిస్తుంది. మా పిల్లలు సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతిని మొదటిసారి చూసింది అక్కడే. చూపించింది వాళ్ల అవ్వ.

మోయాబ్ నుంచి ముందుకు వెళ్తే ఆర్‌వీకి ఇబ్బందైన దారులేవి?

మాన్యుమెంట్ వ్యాలీకి 191 మీద దక్షిణంగా వెళ్లి 163వ రోడ్డు పట్టుకుంటే హాయిగా పోవచ్చు. ఫోనులో మ్యాపు 261వ రోడ్డు చూపిస్తే మాత్రం వద్దు. అందులో మోకీ డగ్‌వే అని మూడు మైళ్ల కంకర ఘాట్ రోడ్డు ఉంది, 11 శాతం వాలు, కట్టడి గోడ లేదు. 28 అడుగులకు, 10,000 పౌండ్లకు మించిన బండ్లు వెళ్లకూడదని యూటా అధికారులే చెబుతారు. చిన్న ఆర్‌వీతో కూడా నేను వెళ్లను. మాన్యుమెంట్ వ్యాలీ లోపలి 17 మైళ్ల మట్టిదారిలోకి ఆర్‌వీలను రానివ్వరు. అది నవాహో జాతి వారి సొంత పార్కు, వాళ్ల జీపులు ఎక్కి చూడాలి.

జయాన్ వెళ్లేవాళ్లు తూర్పు గేటు సొరంగం సంగతి చూసుకోవాలి. 1930లో పూర్తయిన 1.1 మైళ్ల పాత సొరంగం అది. ఇన్నాళ్లూ 15 డాలర్లు కట్టించుకుని ఎదురు వాహనాలు ఆపి పెద్ద బండ్లను పంపేవారు. 2026 జూన్ నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన బండ్లకు ఆ దారి మూసేశారు. అద్దె ఆర్‌వీలు దాదాపు అన్నీ ఈ కొలత దాటుతాయి, చుట్టూ తిరిగి పడమటి వైపు నుంచి రావాలి.

గుర్తుగా ఒక ఎర్రరాయి తెచ్చుకోవచ్చా?

నేషనల్ పార్కుల్లోంచి గులకరాయి కూడా తేకూడదు. మా చిన్నది జేబులో వేసుకున్నది బండి ఎక్కేముందు వాళ్ల జేజబ్బే తీయించి, ఎక్కడ ఏరిందో అక్కడే పెట్టించాడు. ఎర్రటి దుమ్ము మాత్రం చెప్పులకు, పరుపులకు, కుక్కరు మూత అంచుకు అంటుకుని మీతోపాటే ఇంటికొస్తుంది. అద్దె బండి తిరిగిచ్చేముందు చిన్న చీపురుతో దాన్ని ఊడ్చేసుకోండి, లేకపోతే శుభ్రం చేసినందుకు విడిగా డబ్బులు పట్టుకుంటారు.